కడుపుతో ఉన్నప్పుడు మనసును కుదుటపరచుకోవడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నెల తప్పిందని తెలిసిన దగ్గర్నుంచి ఆడపిల్ల చుట్టూ ఎంతో హడావిడి ఉంటుంది. ఏం తినాలి, ఏం తినకూడదు, గ్రహణం రోజు ఎట్లా పడుకోవాలి, సీమంతం ఏ నెలలో చేయాలి, కాన్పుకు పుట్టింటికి ఎప్పుడు తీసుకెళ్లాలి, అన్నీ పెద్దవాళ్లు చూసుకుంటారు. ఆస్పత్రికి వెళితే బీపీ, బరువు, రక్తం, స్కానింగ్ చూస్తారు. "మనసెట్లా ఉందమ్మా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగే మనిషి మాత్రం అరుదు. ఆ ప్రశ్న కూడా బీపీ అంత ముఖ్యమని నమ్మి రాసిన పేజీ ఇది. గర్భిణులు, వాళ్ల భర్తలు, అమ్మలు, అత్తలు, ఆశా కార్యకర్తలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలనే తీసుకున్నాం.

కడుపుతో ఉన్నప్పుడు ఏడిస్తే, కోప్పడితే బిడ్డకు మంచిది కాదంటారు. నిజమేనా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. అందుకే దీన్ని ముందు పెట్టాం.

ఒకరోజు ఏడ్చినంత మాత్రాన, మొగుడితో గొడవపడి రెండు మాటలు గట్టిగా అన్నంత మాత్రాన బిడ్డకు ఏమీ కాదు. దుఃఖం, కోపం, భయం ఎవరికైనా వస్తాయి, పోతాయి. కడుపుతో ఉన్నవాళ్లకు కూడా అంతే. బిడ్డ మీద ప్రభావం చూపేది వారాల తరబడి, నెలల తరబడి వైద్యం లేకుండా ఉండిపోయిన డిప్రెషన్, తీవ్రమైన ఆందోళన. అలాంటి తల్లుల్లో నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడ కూడా "అవుతుంది" అని కాదు, "అయ్యే అవకాశం పెరుగుతుంది" అని మాత్రమే. వైద్యం తీసుకుంటే తల్లి కోలుకుంటుంది.

"ఏడవమాక, బిడ్డకు మంచిది కాదు" అని ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట విన్న అమ్మాయికి ఏడుపు తగ్గదు. పైగా "నా ఏడుపు వల్ల బిడ్డకు ఏమన్నా అవుతుందేమో" అనే కొత్త భయం పుడుతుంది. పైకి నవ్వుతూ రాత్రి దిండు తడుపుకుంటుంది. మనసులోని బాధను లోపల నొక్కిపెట్టడాన్ని అదుపు అనుకోవడమే మన ఇళ్లలో జరుగుతున్న పెద్ద పొరపాటు. నొక్కిపెడితే ముఖం మీద కనపడదేమో గానీ లోపలి బాధ తగ్గదు, ఒంటికి శ్రమ పెరుగుతుంది. ఆ బాధ ఏమిటో గుర్తుపట్టి, అది ఎందుకొచ్చిందో చూసి, దానితో ఏం చేయాలో తెలుసుకోవడమే అసలు అదుపు. అది నేర్చుకుంటే వస్తుంది.

మనసును అదుపు చేసుకోవడం అంటే ధ్యానమా? కౌన్సెలింగా? మందులా?

ఇవి మనసు అల్లకల్లోలంగా ఉన్నప్పుడు వాడుకునే చిన్న చిన్న పద్ధతులు. మార్షా లినెహాన్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ప్రాణం తీసుకోవాలన్నంత వేదనలో ఉన్నవాళ్ల కోసం డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను రూపొందించారు. ఎమోషన్లను ఎలా సంభాళించుకోవాలో నేర్పడం అందులో ఒక ముఖ్యమైన భాగం. అందులోని పద్ధతుల్ని, ఆలోచనల్ని సరిచూసుకునే ఇతర చికిత్సల్లోని పద్ధతుల్ని ఇప్పుడు గర్భిణులకు కూడా నేర్పుతున్నారు. చదువు పెద్దగా లేకపోయినా నేర్చుకోవచ్చు. జబ్బు ముదిరినప్పుడు మాత్రం ఇవి చాలవు. డాక్టర్ సాయం కూడా కావాలి.

మా ఇంట్లో అన్నీ బాగానే ఉన్నాయి. అయినా ఊరికే ఏడుపొస్తుంది. నాకేమైనా అయిందా?

మొదటి మూడు నెలలు హార్మోన్ల మార్పు, వేవిళ్లు, అలసట కలిసి మనసును కుదురుగా ఉండనీయవు. చివరి నెలల్లో నిద్ర పట్టదు, నడుము నొప్పి, కాన్పు భయం. కాబట్టి అప్పుడప్పుడు ఏడుపు రావడం వింతేమీ కాదు.

అయితే ముందు ఒంటి సంగతి చూసుకోండి. రక్తం తక్కువగా ఉంటే, అంటే హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే, నీరసం, చిరాకు, గుండె దడ వస్తాయి. థైరాయిడ్ తగ్గినా దిగులుగా, మందకొడిగా అనిపిస్తుంది. ఐరన్ మాత్ర వేసుకుంటే వికారమని పక్కన పడేసేవాళ్లు చాలామంది. మానేయకుండా, ఏ వేళ వేసుకుంటే పడుతుందో మీ ఊరికి వచ్చే నర్సమ్మను, అంటే ఏఎన్‌ఎంను అడగండి. పూట పూటకూ ఎంతోకొంత తినడం, మధ్యాహ్నం కాసేపు పడుకోవడం కూడా మనసుకు చేసే వైద్యంలో భాగమే. ఖాళీ కడుపుతో, నిద్రలేని కళ్లతో ఏ పద్ధతీ పనిచేయదు.

ప్రకాశం జిల్లాలో పొగాకు పనికి వెళ్లే అమ్మలకు ఒక మాట. పచ్చాకు, అందులోనూ తడిసిన ఆకు, చేతులతో పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. వాంతులు, కళ్లు తిరగడం, దడ వస్తాయి. వాటిని వేవిళ్లనో టెన్షన్ అనో అనుకుని భయపడుతుంటారు. కడుపుతో ఉన్నన్నాళ్లూ ఆ పని మానేయడమే మంచిది.

మొదట ఏది నేర్చుకోవాలి?

ఉన్న బాధకు పేరు పెట్టడం. "మనసు బాగాలేదు" అంటే సరిపోదు. అది భయమా, కోపమా, సిగ్గా, దిగులా, అసూయా? ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది? గొంతులోనా, ఛాతీలోనా, కడుపులోనా? సున్నా నుంచి పది వరకు ఎన్ని మార్కులు? ఇంతే. పేరు పెట్టగానే తీవ్రత కొంత తగ్గుతుంది. ఏం చేయాలో కూడా పేరును బట్టే తేలుతుంది, ఎందుకంటే భయానికి చేసే పని వేరు, కోపానికి చేసే పని వేరు.

రోజుకొకసారి, రాత్రి భోజనం అయ్యాక, ఒక నోటుబుక్‌లో రెండు ముక్కలు రాసుకోండి. రాయడం రానివాళ్లు ఇంట్లో ఒకరికి చెప్పినా చాలు. పెన్నాకు వరద వచ్చాక గట్టు కట్టలేం కదా, అలాగే మనసు నిమ్మళంగా ఉన్న రోజుల్లోనే ఇది అలవాటు చేసుకోవాలి.

గుండె దడదడలాడుతుంటే ఆ నిమిషంలో ఏం చేయాలి?

గోడకు ఆనుకుని కూర్చోండి, లేదా ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. నెలలు పెరిగాక వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవద్దు. మనసులో మూడు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. ఐదో ఆరో లెక్కపెడుతూ మెల్లగా వదలండి. వదిలే గాలి పీల్చినదానికంటే పొడవుగా ఉండాలి, అప్పుడే గుండె వేగం తగ్గుతుంది. ఐదు నిమిషాలు చేయండి. ఊపిరి బిగబట్టొద్దు. కపాలభాతి, భస్త్రిక లాంటివి గర్భిణులు చేయకూడదు. ముఖం మీద చల్లటి నీళ్లు చల్లుకున్నా కొందరికి వెంటనే కుదురు వస్తుంది.

మా ఆయన ఫోన్ ఎత్తకపోతే ఏదో అయిపోయిందని నా ప్రాణం పోయినంత పనవుతుంది. ఈ భయం ఎట్లా పోతుంది?

అల్లూరు వైపు ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఆమెకు ఏడో నెల. భర్త రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా. ఒకరోజు రాత్రి పదకొండుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. వెంటనే హైవే మీద బండి, లారీ, రక్తం కళ్ల ముందు కనిపించాయి. చేతులు వణికాయి. అప్పటికి రెండు వారాలుగా నేర్చుకుంటున్న పద్ధతిని ఆమె ఆ రాత్రి వాడింది. నోటుబుక్ తీసి "భయం, 9" అని రాసింది. కింద గీత గీసి, ఒకవైపు తనకు తెలిసింది రాసింది: ఫోన్ స్విచాఫ్‌లో ఉంది, ఎనిమిదికి ఇంటి నుంచి బయల్దేరాడు, పోయిన వారం కూడా చెరువు షెడ్డులో కరెంటు లేక ఛార్జింగ్ అయిపోయింది. రెండోవైపు మనసు కల్పించింది రాసింది: యాక్సిడెంట్. దాన్ని ఎవరూ చూడలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత పక్క చెరువు కాపలా ఆయన నంబరుకు మామ చేత ఫోన్ చేయించింది. "ఇక్కడే ఉండాడు, మేత చల్లుతా ఉండాడు" అన్నాడాయన. ఫోన్ చేయకముందే, రాయడం పూర్తయ్యేసరికే, ఆమె భయం 6కు దిగిందట. అది చూశాక ఆమెకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదిరింది.

చేయాల్సింది ఇదే. తెలిసింది ఒకవైపు, ఊహించింది ఒకవైపు. తెలిసిన విషయాలే నిజంగా భయపడాల్సినవైతే కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకోవద్దు, లేచి పని చూడండి. ఊహే పెద్దదైతే, ఒక చిన్న పని చేసి, ఇంతసేపు ఆగుతానని టైము పెట్టుకోండి. తెల్లారాక భర్తతో ఒక ఒప్పందం చేసుకోండి. చేరగానే ఒక మిస్డ్ కాల్ ఇవ్వడానికి ఎవరికీ ఖర్చు కాదు.

ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, గదిలోంచి బయటికి రాబుద్ధి కాదు. బలవంతంగా రావాలా?

దిగులు మనిషిని మంచానికి కట్టేస్తుంది. మంచంలోనే ఉంటే దిగులు ఇంకా పెరుగుతుంది. అందుకే ఇక్కడ దిగులు చెప్పినదానికి ఎదురుగా చేయాలి, కాకపోతే చాలా చిన్నగా. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, సాయంత్రం పది నిమిషాలు అరుగు మీద కూర్చోండి. రేపు ఇంకో ఐదు నిమిషాలు. పూలు కట్టడమో, పిల్లాడికి లెక్క చెప్పడమో, చేతనైన ఒక పని రోజూ పూర్తి చేయండి. చేయాలనే ఉత్సాహం ముందుగా రాదు. పని మొదలైన కొన్ని రోజులకు అది వెనకే వస్తుంది.

ఒళ్లు నిజంగా అలసిపోయి పడుకోవాలనిపిస్తే మాత్రం పడుకోండి. డాక్టర్ బెడ్ రెస్ట్ చెప్పినవాళ్లు మంచం దగ్గరికే మనుషుల్ని పిలిపించుకోండి.

అత్తగారి మాటలకు కోపం ఆగదు. ఊరుకుంటే నలిగిపోతున్నా, మాట్లాడితే గొడవ.

ఊరుకోవడం, అరవడం కాక మూడో దారి కూడా ఉంది. కోపం పదికి ఎనిమిది ఉన్నప్పుడు నోరు తెరవొద్దు. పెరట్లో నాలుగు అడుగులు వేసి, నాలుగుకో ఐదుకో దిగాక మాట్లాడండి. అప్పుడు కూడా ఆమె గుణాల గురించి కాదు, మీకు కావాల్సిన ఒక్క పని గురించి. "అత్తా, తాలింపు వాసనకు కడుపులో తిప్పుతోంది, పొద్దున వంటింట్లో నిలబడలేకపోతున్నా. టిఫిన్ సంగతి మీరు చూడండి, సాయంత్రం కూర నేను చూసుకుంటా." ఇలా అడిగితే ఒప్పుకునే అత్తలు మనం అనుకున్నదానికంటే ఎక్కువ. ఆమె కూడా ఒకప్పుడు కడుపుతో, ఎవరూ అడగని ఇంట్లో, ఇదే పొయ్యి ముందు నిలబడి ఉంటుంది.

ఈసారి మగపిల్లాడే కావాలని ఇంట్లో అందరూ అంటున్నారు. ఆ మాట వింటే నిద్ర పట్టడం లేదు.

బిడ్డ ఆడో మగో తేలేది తండ్రి కణాన్ని బట్టి. తల్లి చేతిలో ఏమీ లేదు. లింగ నిర్ధారణ చేయించడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ఈ రెండు మాటలూ డాక్టర్ చేతనో ఏఎన్‌ఎం చేతనో మీ భర్తకూ అత్తకూ నేరుగా చెప్పించండి, మీరే చెప్పి మాటలు పడనక్కర్లేదు. ఆ భయంలో మీ తప్పు రవ్వంత కూడా లేదు. ఇంట్లోవాళ్లు మారాల్సిన చోట మిమ్మల్ని మాత్రమే ఓర్చుకోమని చెప్పడం మా ఉద్దేశం కాదు.

మా ఆయన తాగి కొడతాడు. ఈ పద్ధతులతో తట్టుకోగలనా?

తట్టుకోవడం నేర్చుకోవాల్సిన విషయం కాదది. దెబ్బలకు ఊపిరి వ్యాయామం సమాధానం కాదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ప్రాణాపాయం అనిపిస్తే 112. గృహహింస నుంచి రక్షణకు 2005 నాటి చట్టం ఉంది. చెకప్‌కు వెళ్లినప్పుడు నర్సుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి.

పోయినసారి ఐదో నెలలో కడుపు పోయింది. ఈసారి స్కానింగ్ అంటేనే వణుకు.

పోయిన బిడ్డ కోసం మీరు పడే దుఃఖం నిజమైంది. "మళ్లీ కడుపొచ్చింది కదా, అది మర్చిపో" అన్నవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు. ఈ బిడ్డ మీద ఆశ, ఆ బిడ్డ మీద దుఃఖం ఒకే మనసులో ఉండొచ్చు.

స్కానింగ్ రోజు కోసం ముందే సిద్ధపడండి. వెంట ఎవరు రావాలి, డాక్టర్‌ను అడగాల్సిన రెండు ప్రశ్నలేవి, లోపలికి పిలిచేలోపు ఏం చేస్తూ కూర్చోవాలి, అన్నీ ముందురోజే అనుకోండి. కళ్లు మూసుకుని ఆ గది, ఆ బల్ల, ఆ చల్లటి జెల్ ఊహించుకుంటూ, నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఒకసారి మనసులోనే వెళ్లి రండి. భయం పూర్తిగా పోదు. దానితో పాటే నడిచి వెళ్లగలుగుతారు.

నాకు నవంబరులో డేట్ ఇచ్చారు. తుఫాను వస్తే ఎట్లా అని ఇప్పట్నుంచే దిగులు.

మన తీరానికి ఇది ఊరికే వచ్చే దిగులు కాదు. 2021 నవంబరు వరదల్లో కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. కాబట్టి ఈ భయానికి జవాబు ఏర్పాట్లే. తుఫాను హెచ్చరిక రాగానే డేట్ దగ్గరపడ్డ గర్భిణుల్ని ముందుగానే ఆస్పత్రులకు తరలిస్తుంటారు. మీ పేరు ఆ జాబితాలో ఉందో లేదో ఆశాను అడగండి. తల్లీబిడ్డల కార్డు, స్కాన్ రిపోర్టులు, ఆధార్, రెండు జతల బట్టలు, పాత నూలు చీర, ఛార్జర్ ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచండి. 108 కాకుండా ఇంకో బండి ఎవరిదో మాట్లాడి పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాక కూడా దిగులు తిరిగి వస్తే, "సంచి సర్దాను, బండి మాట్లాడాను" అని చెప్పుకుని చేతిలో పనికి మళ్లండి. టీవీలో తుఫాను వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు.

టెన్షన్ అనుకుని పొరపాటు పడకూడని లక్షణాలు ఏవి?

బిడ్డ కదలిక తగ్గడం, రక్తం లేదా ఉమ్మనీరు పోవడం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, ఫిట్స్, జ్వరం, పడుకుంటే ఆయాసం, ఛాతీ నొప్పి. వీటికి ఏ మనసు పద్ధతీ ప్రయత్నించొద్దు. వెంటనే ఆస్పత్రికి.

మామూలు దిగులా, డిప్రెషనా అని ఎట్లా తెలుస్తుంది?

రెండు వారాలు దాటినా, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండి, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి చెడి, "నేను ఎందుకూ పనికిరాను" అనిపిస్తుంటే డాక్టర్‌కు చూపించాలి. డిప్రెషన్‌ను పసిగట్టడానికి 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళి అని ఒకటి ఉంది. గడిచిన ఏడు రోజుల గురించి పది ప్రశ్నలు. బాలింతల కోసం చేసినా గర్భిణులకు కూడా వాడతారు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. ఆ ఒక్కదానికి "అవును" అన్నా, మిగతా మార్కులు ఎంత ఉన్నా, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం మనలాంటి దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య, ఎక్కువగా డిప్రెషన్, ఉంటుంది. కాబట్టి మీరు ఒంటరి కాదు, ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు.

ముందు నుంచి మానసిక జబ్బుకు మాత్రలు వాడుతున్నా. నెల తప్పగానే మానేశా. మంచిదేనా?

సొంతంగా మానేయొద్దు. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని మందులు బిడ్డకు హాని చేస్తాయి, కొన్నింటిని డాక్టర్ పర్యవేక్షణలో కొనసాగించవచ్చు. మందు చీటీ తీసుకుని ఈ వారమే వెళ్లండి.

మేం ఆశా, అంగన్‌వాడీ వాళ్లం. సైకాలజీ చదవలేదు. మేం నేర్పగలమా?

తప్పకుండా. పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో, మన ఆశాల లాంటి ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, వాళ్లు నేర్పిన తల్లుల్లో 23 శాతం మందిలోనే డిప్రెషన్ మిగిలింది. మామూలు సందర్శనలు మాత్రమే అందిన తల్లుల్లో అది 53 శాతం. 2008లో ఈ ఫలితాలు వచ్చాయి. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని అందరికీ పనికొచ్చేలా శిక్షణ పుస్తకంగా తెచ్చింది.

ఒక్క సమావేశంలో ఒక్క పద్ధతే నేర్పండి. ఉపన్యాసం వద్దు, అక్కడికక్కడే చేయించండి. వచ్చేవారం "చేశావా?" అని కాకుండా "ఎక్కడ కుదరలేదు?" అని అడగండి. అందరి ముందు ఎవరి ఇంటి సంగతీ చెప్పించొద్దు. పల్లెల్లో మాట దాగదు. ఒక్కసారి బయటికి పొక్కితే ఆ అమ్మాయి మళ్లీ నోరు తెరవదు. వీలైతే ఒక పూట అత్తల్ని, అమ్మల్ని కూడా కూర్చోబెట్టండి.

భర్తగా నేనేం చేయాలి? నాకు మాటలు రావు.

మాటలు అక్కర్లేదు. ఆమె చెప్పేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. "దీనికే ఏడవాలా" అనొద్దు. "ఎన్ని మార్కులుంది ఇప్పుడు?" అని అడగండి, పక్కన కూర్చోండి. చెకప్‌కు వెంట వెళ్లండి. చెన్నైలోనో బెంగళూరులోనో పనిచేసేవాళ్లు రోజూ ఒకే టైముకు ఫోన్ చేయండి. రాత్రి తొమ్మిదికి తప్పకుండా వచ్చే ఆ ఫోన్ ఆమె రోజును నిలబెడుతుంది.

కాన్పు అయ్యాక కూడా ఇవి పనికొస్తాయా?

అప్పుడే ఎక్కువ పనికొస్తాయి. కాన్పైన మూడు నాలుగు రోజులకు చాలామందికి ఏడుపు, చిరాకు వచ్చి రెండు వారాల్లో తగ్గిపోతాయి. తగ్గకపోతే చూపించుకోవాలి. అరుదుగా, వెయ్యి మందిలో ఒకరిద్దరికి, నిద్ర లేకుండా తిరగడం, లేనివి కనపడడం, వినపడడం, పొంతనలేని మాటలు మొదలవుతాయి. దాన్ని గాలి సోకిందని మంత్రం వేయిస్తూ కూర్చోవద్దు. అది అత్యవసరం. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా అదేరోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

మనసు బాధల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలి మానస్, నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు డాక్టర్ ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ రోజు బీపీ చూపించుకున్న తర్వాత లేచి వచ్చేయకండి. "మేడమ్, రాత్రిళ్లు నిద్ర లేదు, మనసు బాగుండట్లేదు" అని ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే చీటీ మీద రాసి కార్డులో పెట్టి ఇవ్వండి.